పట్నాలో ఆగిన చేపల లారీ

2019 జనవరి, సంక్రాంతి రోజులు. బీహారు ప్రభుత్వం పట్నా నగరంలో ఆంధ్రా చేపల అమ్మకాన్ని పదిహేను రోజుల పాటు ఆపేసింది. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి ఐసులో పేర్చుకుని రోజూ వెళ్లే మన చేప అది. బెంగాలు నుంచి వచ్చే చేపనూ ఆపారు. చేపల్లో ఫార్మలిన్ దొరికిందన్నది కారణం. శవాలు పాడవకుండా వాడే మందు కదా, ఆ ఒక్క మాటే అందరి నోళ్లలో నానింది. వాళ్లు కలిపారన్నారు, మనవాళ్లు కలపలేదన్నారు. అప్పుడే చెప్పిన మరో సంగతిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ చేపల్లో సీసం, కాడ్మియం కూడా ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉన్నాయని.

నాకు మాత్రం ఆ రెండో సంగతే పెద్దదనిపిస్తుంది. ఫార్మలిన్ ఉందంటే దాన్ని ఎవరో, ఎక్కడో, ప్యాకింగ్ దగ్గరో లారీ దగ్గరో కలిపి ఉండాలి. కలిపిన చెయ్యి ఉంటుంది, పట్టుకోవచ్చు, మాన్పించవచ్చు. సీసాన్ని ఎవరూ కలపరు. చేప బతికుండగానే, అది పీల్చిన నీళ్లలోంచి, తిన్న మేతలోంచి దాని ఒంట్లోకి చేరుతుంది. పట్నా బజారులో ఎంత గట్టిగా తనిఖీ చేసినా దొరికేది ఫలితమే. కారణం ఇక్కడ, మన కాలవల్లో, చెరువుల్లో, పశువు మేసే గట్టు మీద ఉంటుంది.

ఆదివారం పొద్దున మనం ఏం చూసి కొంటాం? చేపైతే మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా అని, కన్ను తేటగా ఉందా అని, వేలితో నొక్కితే గుంట నిలిచిపోతోందా అని చూస్తాం. మటన్ కొట్లో "లేత పోతేనా బాబాయ్" అని అడుగుతాం. ఇంకొంచెం తెలిసినవాళ్లు కార్పొరేషన్ ముద్ర ఉందా అని వెతుకుతారు. మంచి అలవాట్లే, మానకండి. కానీ ఇవన్నీ మాంసం కుళ్లిందా లేదా అన్నది చెబుతాయి, అంతవరకే. కబేళాలో పశువైద్యుడు మేకను కోయకముందు ఒకసారి, కోశాక ఒకసారి చూసి ముద్ర వేస్తాడు. జ్వరం, క్షయ, కార్జంలో జలగ లాంటివి ఆయన కంటికి దొరుకుతాయి. కాడ్మియం దొరకదు. లోహానికి వాసన లేదు, రంగు లేదు, రుచి లేదు. ఎంత తాజా మాంసంలోనైనా అది అంతే తాజాగా ఉంటుంది.

మన చట్టంలో దీనికి హద్దు ఉంది. మేక, గొర్రె, కోడి మాంసంలో సీసం కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. కోటి పాళ్లలో ఒక పాలు. కార్జం, గుర్దా లాంటి లోపలి అవయవాలకు మాత్రం హద్దు 0.5 దాకా సడలించారు. చేపకు 0.3. ఒకే జంతువులో కండకొక లెక్క, కార్జానికొక లెక్క ఎందుకో చెబితే విషయం సగం అర్థమవుతుంది.

నోట్లోంచి పోయిన లోహం పేగుల్లోంచి నెత్తురులోకి దిగుతుంది. నెత్తురు దాన్ని కార్జానికి, గుర్దాలకు చేరవేస్తుంది. అక్కడ కాడ్మియాన్ని ఒక చిన్న ప్రోటీను పట్టుకుని కట్టేస్తుంది. శరీరం దృష్టిలో అది రక్షణే, విషాన్ని ఒక మూల కట్టి పడేయడం. కానీ కట్టినదాన్ని బయటికి పంపే దారి దాదాపు లేదు. అందుకే జంతువు వయసు పెరిగేకొద్దీ గుర్దాలో కాడ్మియం పెరుగుతూ పోతుంది. ఐరోపా వాళ్ల నిబంధనల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కాడ్మియం కండలో కిలోకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు, కార్జంలో 0.5, గుర్దాలో 1.0. కండకూ గుర్దాకూ ఇరవై రెట్ల తేడా. సీసం తీరు వేరు. అది కాల్షియంలాగా నటించి ఎముకల్లోకి వెళ్లి కూర్చుంటుంది. మనుషుల్లోనూ అంతే. నెత్తురులో చేరిన సీసం నెలరోజుల్లో సగమవుతుంది, ఎముకలోకి వెళ్లినది దశాబ్దాలు ఉంటుంది. మన గుర్దాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. "లేత పోతేనా" అని అడిగే మన పెద్దలకు ఈ శాస్త్రం తెలియకపోవచ్చు గానీ ఆ ప్రశ్న మంచి ప్రశ్నే. ముదురు మేక గుర్దా కంటే లేత మేక గుర్దాలో ఈ సరుకు తక్కువ.

ఇప్పుడు ఇది ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. విజయవాడ పటం ఒకసారి మనసులో పెట్టుకోండి. పైన కొండపల్లి, ఇబ్రహీంపట్నం. అక్కడ నార్ల తాతారావు పేరు పెట్టిన థర్మల్ కేంద్రం, దాని బూడిద చెరువులు. రాక్షసి బొగ్గు ఏ నేలలో పుట్టినా అందులో సీసం, ఆర్సెనిక్, పాదరసం లేశమాత్రంగా ఉంటాయి. బొగ్గు కాలిపోతుంది, లోహాలు కాలవు, చాలావరకు బూడిదలో మిగులుతాయి. ఇటు ఊళ్లో, ఆసియాలోనే పెద్దదని మనం గొప్పగా చెప్పుకునే ఆటోనగర్. పాత బ్యాటరీలు విప్పే పని ఎక్కడ జరిగినా సీసం దుమ్ము రాలుతుంది. ఇనుముకు మెరుగు పూత వేసే చోట క్రోమియం, నికెల్ నీళ్లు మిగులుతాయి. రంగులు చిమ్మే షెడ్లున్నాయి. దీనికి తోడు ఊరి మురుగు. ఉత్తరాన బుడమేరు, ఊరి మధ్యలోంచి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. ఊరు వదిలినదంతా ఏదో ఒక దారిన డెల్టాలోకి వెళ్లాల్సిందే. బుడమేరు చివరికి చేరేది కొల్లేరులో.

ఎవరినో బోనులో నిలబెట్టడానికి ఈ పేర్లు చెప్పడం లేదు. ఫలానా షెడ్డులోని సీసమే ఫలానా చెరువులోని చేపలోకి వెళ్లిందని చెప్పాలంటే మధ్యలో పది చోట్ల నమూనాలు తీసి కొలవాలి. నీళ్లు పల్లానికి పారతాయన్నది మాత్రం కొలవకుండానే తెలుస్తుంది. కొల్లేరు ఎటు చూసినా పల్లమే. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ నడుమ ఉన్న పళ్లెం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అందులో పడతాయి. సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు ఎక్కువ, పోయే దారి ఇరుకు. నీళ్లు నిలబడతాయి, నిలబడిన నీళ్లలో మట్టి అడుక్కి దిగుతుంది, మట్టికి అంటుకుని లోహం దిగుతుంది. హైదరాబాదులోని రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు 2000 దశకం మొదట్లోనే కొల్లేటి అడుగుమట్టినీ, అక్కడ తినే చేపలనూ తీసుకుని ఈ విషయం మీద పరిశోధన ప్రచురించారు. మట్టిలో మొత్తం లోహం ఎంత ఉంది అన్నదానికంటే, అందులో ఎంత గట్టిగా అతుక్కుని ఉంది, ఎంత వదులుగా ఉండి మళ్లీ నీళ్లలోకి రాగలదు అన్నది వాళ్ల పరిశీలన. అసలు ప్రశ్న అదే. రాయిలో బిగుసుకుపోయిన కాడ్మియం చేపకేం చెయ్యదు. నీటి పులుపు మారినా, అడుగున గాలి తగ్గినా విడిపోయే కాడ్మియంతోనే చిక్కు.

చెరువులో చేపలన్నీ ఒకే చోట మెయ్యవు. బొచ్చె పైపైన తేలే సూక్ష్మజీవుల్ని తింటుంది. శీలావతి నడినీళ్లలో తిరుగుతుంది. మోసు అడుగుకు వెళ్లి బురదలో కుళ్లిన ఆకూ అలమూ వెతుక్కుంటుంది. కాబట్టి ఒకే చెరువులో పెరిగినా మూడింటి ఒంట్లో లోహం ఒకేలా ఉండనక్కర్లేదు. పరీక్ష చేసేవాళ్లు "చేప నమూనా" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటే ఈ తేడా కనబడదు.

నీళ్ల సంగతి అలా ఉంచి, మేత చూద్దాం. మన చెరువుల్లో కర్రలకు సంచులు కట్టి తవుడు మేపే పద్ధతి అందరికీ తెలిసిందే. అది కాక, కోడి వ్యర్థాలు పోసి చేపలు పెంచే చెరువుల మీద అధికారులు దాడి చేశారన్న వార్త అప్పుడప్పుడూ వింటూనే ఉన్నాం. ఆ వ్యర్థాల్లో ఉండేవి ఏమిటి? పేగులు, కార్జాలు, బొమికలు. అంటే కోడి తన ఒంట్లో లోహాన్ని ఎక్కడెక్కడ దాచిందో సరిగ్గా ఆ భాగాలే. కోడి దాణాలో రాగి, జింకు కావాలనే కలుపుతారు, ఎదుగుదల కోసం. దాణాకు వేసే ఫాస్ఫేటు ఖనిజంతో పాటు కాడ్మియం రావచ్చు, ఎందుకంటే ఫాస్ఫేటు రాతిలోనే అది ఉంటుంది. చెరువులో నాచు చావడానికి మైలుతుత్తం చల్లితే అది రాగి. ఇవన్నీ చెరువు అడుగునే చేరతాయి.

దాణా విషయంలో అమెరికా వాళ్ల కథ ఒకటుంది. అక్కడ 1940ల నుంచి కోళ్ల దాణాలో రాక్సార్సోన్ అనే ఆర్సెనిక్ మందు అనుమతితోనే కలిపేవారు. పరాన్నజీవులు తగ్గుతాయి, కోడి తొందరగా బరువెక్కుతుంది, మాంసం రంగు బాగుంటుంది. అందులో ఉన్నది ప్రమాదం లేని రకం ఆర్సెనిక్ అని అప్పటి నమ్మకం. 2011లో అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోళ్ల కార్జాలు పరీక్షిస్తే ప్రమాదకరమైన రకం ఆర్సెనిక్ కనిపించింది. కంపెనీ అమ్మకం ఆపేసింది, 2013లో అనుమతే రద్దయింది. దాదాపు డెబ్భై ఏళ్లు. అన్ని పరికరాలున్న దేశంలో కూడా, కార్జాన్ని తీసి కొలిచేదాకా విషయం బయటపడలేదు.

మేకలు, గేదెల సంగతికి వస్తే, పచ్చగడ్డి దొరికేది కాలవ గట్ల మీదా మురుగు కాలవల పక్కనా. హైదరాబాదులో మూసీ మురుగుతో పెంచే పారాగడ్డిలో లోహాలు చేరుతున్నాయని శాస్త్రవేత్తలు చూపించారు. విజయవాడ చుట్టూ మేసే పశువుకు వేరే న్యాయం ఉండదు కదా. పశువైద్యులను అడిగితే ఇంకో సంగతి చెబుతారు. పారేసిన బ్యాటరీ పలకలను, పెచ్చులూడిన రంగును పశువులు నాకుతాయి. ఎక్కువ పోతే పళ్లు కొరుకుతూ, కళ్లు కనబడక, గుండ్రంగా తిరిగి పడిపోతాయి. అలాంటి పశువును ఎవరూ కబేళాకు తోలరనుకుందాం. కొంచెం కొంచెంగా నాకి, పైకి నవనవలాడుతూ కనిపించేదాన్ని ఎలా గుర్తుపడతాం?

ఇంతవరకూ విన్నవాళ్లు మాంసం మానేస్తే సరిపోతుంది కదా అనవచ్చు. సరిపోదు. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంట్లోకి సీసం ఎక్కువగా దిగుతుంది. ఇనుము తక్కువైతే కాడ్మియం కూడా ఎక్కువ దిగుతుంది. మన ఆడవాళ్లలో, పిల్లల్లో నెత్తురు తక్కువవాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు. వాళ్లకు మాంసం, చేప ఇచ్చే ఇనుము, ప్రోటీను ఒక విధంగా ఈ లోహాల మీద కాపలా. డాక్టరు కార్జం తినమంటే తినండి. లేత మేకది, వారానికోసారి. గుర్దాలు మాత్రం రోజువారీ తిండి చేసుకోకండి. రొయ్యల తల తీసేయండి, కాడ్మియం అక్కడే ఎక్కువ. చేప మొప్పలు, పేగులు, కార్జం పారేయండి. కండలోకి వచ్చేది వాటిలో చేరేదానికంటే తక్కువే. ఉప్పు, పసుపు, మజ్జిగ, నిమ్మరసం వేసి ఎన్నిసార్లు కడిగినా లోహం పోదు. నీచు పోతుంది, అంతే. ఉడికించినా పోదు.

వంటింట్లో ఇంకో దారి ఉంది, దీన్ని ఎవరూ మాంసం ఖాతాలో వెయ్యరు. చేపల పులుసు అంటే చింతపండు. తుక్కు కరిగించి పోసిన నాసిరకం సత్తు గిన్నెలో ఆ పులుసు పెట్టి రాత్రంతా ఉంచి, మర్నాటికి రుచి పెరుగుతుందని ఎదురుచూస్తాం. పెరుగుతుంది కూడా. ఆ గిన్నెలో సీసం ఉంటే పులుపు దాన్ని లాగుతుంది. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించేటప్పుడు తగరంలో సీసం కలిపినా ఇదే గొడవ. చేపను తిట్టుకుంటాం, తప్పు గిన్నెది. పులుసుకు మట్టి దాక కావాలన్న మన పట్టుదల ఈ లెక్కన చాలా మంచిది, దాక లోపల మెరిసే పూత లేకపోతే.

సముద్రపు చేప దగ్గరకొస్తే పాదరసం గురించి చెప్పాలి. మిగతా లోహాలు కార్జంలోనో ఎముకలోనో దాక్కుంటాయి. పాదరసం మిథైల్ రూపంలో కండలోకే వస్తుంది. చిన్న చేపను పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్ద చేప తింటూ పోయేకొద్దీ చిక్కబడుతుంది. అందరికంటే పైన కూర్చునేది సొర. మన కోస్తాలో బాలింతకు సొరపిట్టు పెట్టడం ఆచారం, పాలు పడతాయని. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు సొర తినవద్దని అమెరికా ప్రభుత్వ సంస్థల సలహా. ఆచారాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. అది పుట్టిన రోజుల్లో సముద్రంలో ఇంత పాదరసం లేదు. బందరు, గిలకలదిండి వైపు వాళ్లు పాలసొర పిల్లలనే ఏరి వండుతామంటారు, పెద్దదానికంటే అది నయం. అయినా బాలింతకు నెత్తళ్లో కవళ్లో పెడితే పోషణలో ఏ లోటూ రాదు. పాదరసం ఏం చేయగలదో ఒకసారి చూడండి. 1950లలో జపానులోని మినమాటలో ముందు పిల్లులు గంతులు వేసి చచ్చిపోయాయి, తర్వాత మనుషులు పడిపోయారు. అఖాతంలో ఒక రసాయన ఫ్యాక్టరీ వదిలిన పాదరసం, చేపలు, వాటిని రోజూ తిన్న జాలరి కుటుంబాలు. తల్లికి ఏమీ కాకుండా కడుపులోని బిడ్డ దెబ్బతిన్న ఇళ్లు కూడా ఉన్నాయి.

మన పక్కనే, 2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల నెత్తురులో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, మరికొన్ని సంస్థలు వచ్చాయి. నీళ్లు, పాలు, కూరగాయలు, తిండి అన్నీ పట్టుకెళ్లారు. చివరికి మొగ్గు పురుగుమందుల వైపే తేలింది. సీసం ఆ జబ్బుకు కారణమా, లేక ఆ ఊరి నెత్తురులో ఎప్పుడూ అంతే ఉంటుందా? పోల్చడానికి మామూలు రోజుల లెక్కలు చేతిలో ఉంటే ఆ వాదన అంతసేపు నడిచేది కాదు.

మామూలు రోజుల లెక్కలు తీయడం మనకు చేతకాదని కాదు. తీస్తున్నాం, రొయ్యకు. ఐరోపాకు వెళ్లే మన రొయ్య విషయంలో ఏటా ప్రణాళిక వేసి, చెరువుల నుంచి నమూనాలు ఎత్తి, మందుల అవశేషాలతో పాటు సీసం, కాడ్మియం, పాదరసం కూడా చూస్తారు. కొనేవాడు పెట్టిన షరతు అది. ఆ పక్క చెరువులో పెరిగి విజయవాడకో కలకత్తాకో వెళ్లే శీలావతికి ఆ షరతు పెట్టేవాళ్లు లేరు. గట్టు ఒకటే, నీరు ఒకటే, కాలవ ఒకటే. ఒక చేపల లారీని పట్నాలో ఆపితే తెలిసిన సంగతి, అంతకుముందే కైకలూరులో చెరువు దగ్గరే తెలిసి ఉంటే రైతుకు నష్టం తగ్గేది. ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, 2024 సెప్టెంబరు వరదలో బుడమేరు తిరిగిన దారి వెంట అంటాను. సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చిన నీరే కింద పొలాలనూ చెరువులనూ తాకింది. మట్టి చోటు మారింది. ఎక్కడ ఏం దిగిందో మట్టిని, దాని మీద మోసును, గట్టున మేసే మేక గుర్దాను కలిపి కొలిస్తే గానీ తెలియదు. మోసుతో మొదలుపెట్టమంటాను, అడుగున మేసేది అదే కాబట్టి.

ప్రభుత్వం కొలిచేదాకా మీరు ఆగనక్కర్లేదు. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ ఒకటుంది. కొనుక్కున్నవాళ్లు ఎవరైనా తాము కొన్న తిండిని రుసుము కట్టి ప్రభుత్వ ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే అమ్మినవాడికి ఆ సంగతి చెప్పాలి. నిబంధనలకు విరుద్ధంగా ఉందని తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. ఒక్కరికి ఖర్చనిపిస్తే అపార్ట్‌మెంటు సంఘం తరఫున, డ్వాక్రా సంఘం తరఫున చేయించవచ్చు. అర్జీలో "నాణ్యత పరీక్ష" అని రాసి ఊరుకోకండి, అలా రాస్తే మామూలు పరీక్షలతో సరిపెట్టే వీలుంటుంది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం అని నాలుగు పేర్లూ రాయండి. మేకదైతే కండ వేరు, గుర్దా వేరు పొట్లాలు. చేపైతే రకం పేరు, అమ్మినవాడు చెప్పిన చెరువు ఊరు.